ఆ సముద్రం కాదు

ఉమాపతి సారుకు ప్రపంచంలోని సముద్రాలన్నీ నోటికొచ్చు. మదనపల్లె హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ గోడకు పటం తగిలించి, బెత్తం పట్టుకుని, బంగాళాఖాతం దాటించి, మలక్కా జలసంధి గుండా జావా దాకా పిల్లల్ని తిప్పుకొచ్చేవాడు. ఏ గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో, ఏ తీరంలో ఎప్పుడు వాన పడుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అంత చెప్పిన మనిషి ఒక్కసారైనా సముద్రంలో కాలు తడపలేదు. తిరుపతి దాటి తూర్పుకు పోయే పని ఆయనకు పడలేదు. పడినా పోయే రకం కాదు. బండి దగ్గర నిలబడి నాలుగు వంకాయలు ఏరడానికి అరగంట తీసుకునేవాడు ప్రయాణాలేం పెట్టుకుంటాడు?

అలాంటి ఉమాపతి రిటైరైన ఏడాదికే ఆయన భార్య రాజేశ్వరమ్మకు కడుపులో గడ్డ బయటపడింది. ఆయన సొంతూరు కుప్పం కాబట్టి, అక్కడి పెద్దాసుపత్రిలోనే చూపించారు. చలి ఇంకా పోని రోజుల్లో ఒకనాడు డాక్టరమ్మ ఆయనొక్కడినే గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మెల్లగా చెప్పింది.

"మందులు పని చేసినన్నాళ్లు చేస్తాయి సార్. ఆమెకు ఏమన్నా ఆశలుంటే వాయిదా మాత్రం వెయ్యొద్దండి."

కుప్పం నుంచి మదనపల్లె దాకా బస్సులో ఉమాపతికి అదే ఆలోచన. రాజీకి ఏం ఆశలున్నాయి? ఎంత వెతికినా ఒక్కటి తట్టలేదు. ఇష్టమైన రంగేదో తెలీదు, ఇష్టమైన కూరేదో తెలీదు. ఆయనకిష్టమైన కూరలు వండీ వండీ అవే ఆమె ఇష్టాలైపోయాయి. పక్కసీట్లో భుజం మీద తలవాల్చి నిద్రపోతున్న మనిషిని చూసి సిగ్గుపడ్డాడు. పలమనేరు దాటాక, పుంగనూరు దాటాక కూడా ఆ సిగ్గు వదల్లేదు.

మర్నాడు పొద్దున ఆమె వరండాలో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితికి తోలు తీస్తోంది. వద్దన్నా వినదు. చేతులూరకుంటే రోగం గుర్తొస్తుందంటుంది. ఉమాపతి ఎదురుగా కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని, పెళ్లయిన ఇన్నేళ్లలో అడగని మాట అడిగాడు.

"రాజీ, నీకేం కావల్లో చెప్పు. యాడికన్నా పోవాలనుందా? ఏమన్నా సూడాలనుందా?"

ఆమె చేతిలో గింజ తోలు విడిపోయి పప్పు పళ్లెంలో పడింది. ఇంకో గింజ అందుకుంటూ, తలెత్తకుండానే అంది.

"ఒగసారి సముద్రానికి పోయొస్తామా?"

"సముద్రమా!" ఉమాపతికి ప్రాణం లేచొచ్చింది. ఇన్ని సముద్రాలు నోట్లో పెట్టుకున్న మనిషిని సముద్రమే అడిగింది మహాతల్లి. "దానికేముండాది? చెన్నైకి పోదాం. తెల్లారి బయల్దేరితే మద్యాన్నానికి మెరీనాలో ఉంటాం."

ఆమె తలెత్తి చూసింది.

"ఆ సముద్రం కాదు."

"మైపాడా? మన గోపాలస్వామి వాళ్లు నెల్లూరు పోయినప్పుడు సూసొచ్చినారే."

"అది గూడా కాదు."

"పుదుచ్చేరా?"

"ఏందబ్బా, తెలీనట్టు అడగతాండారే," అంది ఆమె. గొంతులో కోపం లేదు, ఏదో నొప్పి ఉంది. ఆ నొప్పిని ఆయన రోగం లెక్కలో వేసేశాడు.

తెలీనట్టు ఎందుకడగాలి? తెలిసిపోయింది. లెక్కల మాస్టరు గోపాలస్వామి పోయినేడాది భార్యతో థాయిలాండు పోయి వచ్చాడు. ఉమాపతి రిటైర్మెంటు భోజనాల్లో ఫోను చేతికిచ్చి అందరికీ ఫొటోలు చూపించాడు. నీలంగా అద్దంలా మెరిసే నీళ్లు, పంచదార పోసినట్టు ఇసక, పొడుగు పడవలు. ఆ రోజు ఆ ఫోను రాజేశ్వరమ్మ చేతిలో కాసేపు ఎక్కువే ఉండిపోయింది. అదన్నమాట సంగతి! నోరు తెరిచి అడగడానికి మొహమాటపడి, సముద్రమని ఊరుకుంది. అడక్క అడక్క ఒకటడిగితే చెన్నై చూపిస్తానన్నాడు తను. తన బుద్ధికి తనే నవ్వుకున్నాడు.

"అర్థమైందిలే," అన్నాడు, కుర్చీలోంచి లేస్తూ. "నాకొదిలెయ్."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పైట కొంగుతో తుడుచుకుని, "నిజంగా పోదామా?" అంది.

"నిజంగానే."

ఆ పూట పితికిపప్పు కూర ఎన్నో రోజుల తర్వాత ఉప్పూ కారం సరిగ్గా కుదిరింది. ఆమె కూడా రెండు ముద్దలు ఎక్కువే తింది. ఆ ఇంట్లో ఆ ఏడాది మంచి రోజంటూ ఒకటుంటే అదే.

మదనపల్లెలోనే బెంగళూరు బస్టాండు దగ్గర మురళీధర్ అనే కుర్రాడు ట్రావెల్స్ ఆఫీసు నడుపుతున్నాడు. ఉమాపతి దగ్గర చదువుకున్నవాడే. సారు వచ్చేసరికి లేచి నిలబడి, టీ తెప్పించి, మెరిసే కాగితాల పుస్తకాలు బల్ల నిండా పరిచాడు.

"ఫుకెట్ అయితే బెంగళూరు నుంచి నాలుగ్గంటలు సార్. బాలీ అయితే ఏడు. లంకావీకి కౌలాలంపూర్లో దిగి మారల్ల. వియత్నాంలో డనాంగ్ అని ఇప్పుడు మనోళ్లు ఎగబడి పోతాండారు. మేడమ్‌కి ఊరు కావల్నా, బీచ్ కావల్నా?"

"సముద్రం కావల్ల," అన్నాడు ఉమాపతి. "కానీ నువ్వు చెప్పేదాంట్లో ఒగ చిక్కుండాది. మే దాటితే ఫుకెట్లో నైరుతి రుతుపవనం. అలలు పైకి లేస్తాయి, ఎర్రజెండాలు పాతేస్తారు. బాలీకి ఆ నెలల్లో వానుండదు. డనాంగ్‌కి ఎండాకాలం బాగుంటాది గానీ అక్టోబరులో మునిగిపోతాది."

"సార్, మీరే ఈ ఆఫీసు నడపొచ్చు," అన్నాడు మురళీధర్. నిజంగానే మెచ్చుకున్నాడు పాపం. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది.

ఎందుకంటే ఉమాపతికి అక్కడ జన్మ ధన్యమైపోయింది. ముప్పై ఏళ్లు గోడమీద పటంగా వేలాడిన లోకం ఇప్పుడు రంగు పుస్తకాలై చేతిలోకొచ్చింది. రోజు మార్చి రోజు ఆఫీసుకు పోయేవాడు. ఒకరోజు ఫుకెట్టంటే మర్నాడు క్రాబీ మేలనేవాడు. ఊరు చూడకుండా ఒడ్డున కూర్చుంటే ఏముంది, కొలంబోలో రెండ్రోజులుండి బెంతోటాకు పోదామనేవాడు. కొలంబో మన మొహాల్లాగే ఉంటాది, అంత దూరం పోయి అదా సూసేది అని తనే కొట్టేసేవాడు. పెనాంగులో మన తిండి దొరుకుతుంది. లంకావీలో అలలు తక్కువ, రాజీ నీళ్లలో నిలబడొచ్చు. బాలీలో గుళ్లున్నాయి, ఆమెకు దేవుడంటే ఇష్టం. ఇష్టమేనా? అడిగి చూద్దామనుకునేవాడు, అడిగేలోపు ఇంకో పుస్తకం దొరికేది. వంకాయల బండి బుద్ధి వంకాయలతో ఆగదు కదా.

ఇంటికొచ్చి అన్నీ ఆమె ముందు పరిచేవాడు. మొదట్లో రాజేశ్వరమ్మ పుస్తకాల వంక కాకుండా ఆయన మొహం వంక చూసేది. ఏదో వెతుకుతున్నట్టు చూసేది.

ఒకనాడు ఉండబట్టలేక అనేసింది.

"అంత దూరం యాల తిప్పుతాండారు నన్ను? పొద్దన బస్సెక్కితే పొద్దు గూకేలోపల తిరిగొస్తాం గదా."

ఉమాపతి పగలబడి నవ్వాడు.

"ఫుకెట్టుకు బస్సా! సోషల్ సారు పెళ్లానివి నువ్వు! ఎవరి ముందరన్నా అనేవు. పటం తీసకరమ్మంటావా?"

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు అయిపోయేదాకా ఆగి, "అక్కర్లేదు" అని లోపలికి పోయింది. ఆయన ఆ బస్సు ముక్కను గోపాలస్వామికి చెప్పి నవ్వాడు, మురళీధర్‌కు చెప్పి నవ్వాడు, ఫోన్లో బెంగళూరులో ఉన్న కూతురు కీర్తనకు చెప్పి కూడా నవ్వాడు. ఆ మాట దగ్గర ఆగి, 'ఏ బస్సు రాజీ?' అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నోరున్న మనిషే, రోజంతా మాట్లాడే మనిషే. ఆ ఒక్కటీ అడగలేదు.

ఆ తర్వాత ఆమె బస్సు మాట ఎత్తలేదు. ఏ పుస్తకం చూపించినా "మీ ఇష్టం" అనేది. కొన్నాళ్లకు ఆ "మీ ఇష్టం" కూడా మెత్తబడింది. ఇష్టం పుట్టి మెత్తబడిందో, ఓపిక తగ్గి మెత్తబడిందో ఆ దేవుడికే ఎరుక. మందు ఎక్కించుకొచ్చిన రోజుల్లో మంచమ్మీద పడుకుని ఒక్కో పుస్తకం గుండెలమీద పెట్టుకుని తిప్పేది. లంకావీ పుస్తకం అట్ట మీద ఒక పిల్లవాడి బొమ్మ ఉండేది. తెల్లటి ఇసకలో అటు తిరిగి కూర్చుని, చిన్న బకెట్టుతో గుంత తవ్వుతుంటాడు. మొహం కనపడదు. ఆ పుస్తకం మాత్రం ఆమె దిండు కిందికి చేరింది.

"ఇసక ఇంత తెల్లగా ఉంటాదా?" అని అడిగింది ఒకసారి.

"ఉంటాది. పగడపు దిబ్బలు అరిగి అట్లయితాది," అన్నాడు ఉమాపతి సంతోషంగా. ఇప్పటికి దారిలో పడింది అనుకున్నాడు.

పాస్‌పోర్టు ఫొటోకు పోయినప్పుడు స్టూడియోలో తలగుడ్డ తియ్యాలన్నారు. ఆమె గుడ్డ విప్పి, అద్దంలో బోడిగుండు చూసుకుని, "ఈ మొగం సూపిస్తే ఏ దేశమోళ్లు రానిస్తారు?" అంది. ఉమాపతి బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. టమాటా లారీలు వరసగా మార్కెట్టుకు పోతున్నాయి. అవన్నీ పోయేదాకా లోపలికి రాలేదు.

ఎండాకాలం పోయింది. ఫుకెట్లో వానలు మొదలయ్యాయి. బాలీకి పోదామంటే ఆమెకు రక్తం తగ్గింది. రక్తం కుదుటపడేసరికి డనాంగ్ తుఫాన్ల కాలం వచ్చింది. చివరికి ఉమాపతి తేల్చేశాడు. లంకావీ. నవంబరు చివర్లో. గాలి ఈశాన్యానికి తిరిగాక ఆ పక్క సముద్రం చెరువులాగ ఉంటుంది. ఆ మాట ఆయన రాజేశ్వరమ్మతో కూడా అన్నాడు.

"చెరువు మాదిరుంటాది రాజీ."

"చెరువు మాదిరా," అంది ఆమె. సాయంత్రం కొట్టుకు పోయి ఆయన ఆమెకు ప్రయాణానికని నీలంరంగు చీర తెచ్చాడు. తన చేత్తో ఏరి తెచ్చిన మొదటి చీర అది.

అక్టోబరులో ఆమె తిండి మానేసింది. కుప్పం తీసుకుపోతే ఆసుపత్రిలో పెట్టుకున్నారు. ఈసారి డాక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలవలేదు, వరండాలోనే భుజం మీద చెయ్యేసి నిలబడింది. కీర్తన సెలవు పెట్టి వచ్చింది. నొప్పికి ఇచ్చే మందుకు రాజేశ్వరమ్మ ఎప్పుడూ మగతలోనే ఉండేది. మెలకువొచ్చినప్పుడు చలేస్తోందనేది. ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని, "ఆ నీలం చీర తెచ్చి పెట్టండి, కట్టుకోవల్ల" అంది. మర్నాడు తెల్లారే బస్సుకు ఉమాపతి మదనపల్లె పోయి, బీరువాలోంచి చీరా, దుప్పటీ సంచిలో పెట్టుకుని, మళ్లీ కుప్పం దారి పట్టాడు.

బస్సు పుంగనూరు స్టాండులో ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. ఉమాపతి కిటికీ పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఒక పల్లెవెలుగు బస్సు బయల్దేరడానికి ఉరుముతోంది. దాని కండక్టరు మెట్టుమీద నిలబడి, చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు.

"సముద్రం, సముద్రం, సముద్రం! ఎక్కండమ్మా, సముద్రం!"

పాలక్యాన్లు పట్టుకున్న ఆడవాళ్లిద్దరు పరిగెత్తుకుంటూ పోయి ఎక్కారు. ఉమాపతి వింటున్నది కలలో అనుకున్నాడు. కండక్టరు మళ్లీ అరిచాడు. ఉమాపతి తల కిటికీలోంచి బయటపెట్టాడు.

"ఏ సముద్రమప్పా?"

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఏ సముద్రమేంది సార్? ఈడ ఎన్ని సముద్రాలుండాయి? మల్లసముద్రం!"

ఆ సీమలో పాలెగాళ్లు పెద్ద చెరువు తవ్వించిన చోటల్లా దానికి సముద్రమని పేరు పెట్టి పోయారు. నీళ్లకు కరువు గానీ సముద్రాలకు కరువు లేదు. అటువైపు పల్లెల్లో పుట్టిన వాళ్లకు సముద్రమంటే ముందు ఊరే. ఉప్పునీళ్లు తర్వాతెప్పుడో బళ్లో, పటంలో, ఏ ఉమాపతి సారో చూపిస్తే తెలుస్తాయి. కుప్పంలో పుట్టిన ఉమాపతికి మాత్రం అది ఒకే ఒక్కసారి విన్న పేరు.

పెళ్లయిన మరుసటేడు. తొలికాన్పుకు రాజేశ్వరిని పుంగనూరు పుట్టింటికి పంపారు. అత్తకు ఒంట్లో బాగాలేక, అక్కణ్నుంచి అవ్వగారి పల్లెకు తీసుకుపోయారని కబురొచ్చింది. కొన్నాళ్లకు మామ కుప్పానికి వచ్చాడు. గడప దాటలేదు. తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "మల్లసముద్రం నుంచి వస్తాండా నాయనా. మొగబిడ్డ. ఒగ పూటున్నాడు" అన్నాడు. ఉమాపతి చెప్పులేసుకున్నాడు. తల్లి అడ్డం నిలబడింది. 'అట్లాంటి బిడ్డకు తండ్రి పోయే పనిలేదు, అయిపోయింది, ఇంక ఈ ఇంట్లో ఎవురూ ఆ మాట ఎత్తగూడదు, పుట్టబోయేటోళ్లకు మంచిది కాదు' అంది. చెప్పులు విప్పేశాడు. మూడు నెలల తర్వాత రాజేశ్వరి వచ్చింది. ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. కీర్తన పుట్టింది, పెరిగింది, తనకంటే ముందొకడున్నాడని తెలీకుండానే పెళ్లి చేసుకుని పోయింది.

ఆ సముద్రం కాదు. తెలీనట్టు అడగతాండారే. పొద్దన బస్సెక్కితే.

ఉమాపతి సంచి పట్టుకుని దిగాడు. కుప్పం బస్సు కదిలి పోయింది. ఆయన పల్లెవెలుగు ఎక్కాడు.

మల్లసముద్రంలో దిగి, రాజేశ్వరి అవ్వ పేరు చెప్తే ఒకాయన వీధి చివరికి చెయ్యి చూపించాడు. అవ్వ ఇల్లు ఎప్పుడో పడిపోయి మొండిగోడ మిగిలింది. పక్కింటి అరుగు మీద ఒక ముసలామె చింతగింజలు కొడుతోంది. పాపక్క అట. కాన్పు రోజున ఉన్న మనిషి.

"నేను రాజేశ్వరి భర్తను," అన్నాడు ఉమాపతి.

పాపక్క చేతిలో రాయి ఆగిపోయింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇప్పుటికి వచ్చినావా నాయనా," అంది. "అది యాడ?"

"ఆసుపత్రిలో ఉండాది."

"చెప్పింది. ఉగాదికి ముందే ఫోన్ సేసింది నాకు. అక్కా, ఆయనొప్పుకున్నాడు, ఇద్దరం వస్తాండామని బో సంబరంగా చెప్పింది. మళ్లా ఒగ నెలకు సేసి, లేదక్కా, ఆయనకు మనసు రాలే అనింది. లోకంలో ఊర్ల పేర్లన్నీ చెప్తాండాడు గానీ ఈ ఊరి పేరు ఎత్తడు, మాట మారుస్తాండాడు, నేనింక అడగనక్కా అనింది." ముసలామె చింతగింజల పొట్టు ఒళ్లోంచి దులుపుకుంది. "నేను తిట్టుకున్నా నాయనా నిన్ను. మొగోడివి, నీకేం తెలుసులే అని మళ్లా ఊరుకున్నా."

ఉమాపతి అరుగు మీద కూలబడ్డాడు. నాకు తెలీదమ్మా అని చెప్పాలనుకున్నాడు. చెప్పినా ఆ మాటకు విలువెంత?

"పురిటాల్ని గడప దాటనియ్యం గదా," అంది పాపక్క. "మొగోళ్లే తీసకపోయినారు. దానికి సూపీలే. ఉన్నన్ని దినాలూ ఒగటే అడిగేది. లోతుగా తవ్వినారా అక్కా, కుక్కలు రావు గదా అక్కా అని. కానుగ చెట్టు కింద, చల్లంగా ఉండాదని చెప్పేదాన్ని. ఒగసారి సూడాలని అప్పుటినుంచీ దానికి."

"సూపిస్తావా?"

ఆమె కర్ర పట్టుకుని లేచింది. ఇద్దరూ చెరువు కట్ట దాకా నడిచారు. ఎక్కడానికి ఆమెకు ఆయన చెయ్యిచ్చాడు.

సముద్రంలో చుక్క నీరు లేదు. కనుచూపు మేర కంపచెట్లు, వాటి మధ్య మట్టి తోలుకుపోయిన గోతులు. కట్టను వెడల్పు చేసి దారి వేశారు. దారి వేసినప్పుడు కానుగ చెట్లు తీసేశారు, వేళ్లతో సహా తోడి పడేశారు. పాపక్క కర్రతో ఒక చోట నేల మీద కొట్టింది. తర్వాత ఇంకాస్త ముందుకు పోయి ఇంకో చోట కొట్టింది.

"ఈడే యాడో నాయనా. చెట్టుంటే చెప్పుదును."

ఉమాపతి ఆ రెండు చోట్లకూ మధ్య నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలీలేదు. దండం పెట్టాలా? పేరు పెట్టని బిడ్డను ఏమని పిలవాలి? ఎర్రమట్టి మీద ట్రాక్టరు చక్రాల గుర్తులున్నాయి. ముసలామె ముందే, నడిదారిలో, ఆయన గట్టిగా ఏడ్చాడు. పాపక్క ఓదార్చలేదు, కర్రమీద ఆనుకుని కంపచెట్ల వైపు చూస్తూ నిలబడింది. చివరికి ఆయన ఫోను తీసి, కట్టనూ, చెరువునూ, ఆ నేలనూ ఫొటో తీసుకున్నాడు. రాజీకి చూపిస్తే చాలు. ఒక్కసారి చూస్తే చాలు. బిడ్డ గురించి తను మాట ఎత్తితే చాలు.

తిరుగు దారంతా ఆ మాట ఎలా ఎత్తాలో నేర్చుకుంటూ వచ్చాడు.

కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. కీర్తన తండ్రి మొహం చూసి ఏదో అడగబోయి, ఆగి, చీర సంచి అందుకుంది. "అమ్మకు పొద్దన్నుంచీ మగతే నాయనా. ఇప్పుడే కండ్లు తెరిచింది," అని చెప్పి, నీళ్లు పట్టుకురావడానికి బయటికి పోయింది.

ఉమాపతి మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"రాజీ. సముద్రానికి పోయొచ్చినా."

ఆమె కళ్లు మెల్లగా ఆయన వైపు తిరిగాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా నవ్వాయి.

"పోయొచ్చినారా," అంది. "విమానం బాగుండిందా?"

ఉమాపతి తల అడ్డంగా ఊపాడు.

"ఆ సముద్రం కాదు రాజీ."

"మరి? బాలీనా?"

"కాదు, కాదు. మన సముద్రం. మీ అవ్వోళ్ల ఊరు. పాపక్కను సూసినా. కట్ట మీదికి గూడా పోయినాం ఇద్దరం."

"పాపక్కను గూడా పిల్సకపోయినారా?" ఆమె కళ్లలో వెలుగొచ్చింది. "మంచి పని సేసినారు. అది ఎప్పుడూ ఊరు దాట్లేదు పాపం."

ఆయన ఫోను తీసి, ఫొటో తెరిచి, ఆమె మొహం ముందు పెట్టాడు. ఆమె కళ్లు చిట్లించి చూసింది. ఎర్రమట్టి చూసింది, దూరంగా కంపచెట్లు చూసింది.

"ఇసక ఎర్రగుండాదే," అంది. "పుస్తకంలో తెల్లగుండె."

ఉమాపతి ఫోను కింద పెట్టేశాడు. ఇన్ని నెలలు ఆయన కూర్చోబెట్టి నేర్పించిన పాఠమే అది. ముప్పై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న తన సముద్రాన్ని అవతల పెట్టి, మొగుడి ముచ్చట కోసం ఆయన సముద్రాన్ని నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. ఇప్పుడు మర్చిపొమ్మంటే ఎలా మర్చిపోతుంది?

"పొద్దు గూకింది గదా, అందుకే ఎర్రగా కనపడతాండాది," అన్నాడు.

"నీళ్లుండాయా?"

"నిండుగా ఉండాయి."

"చెరువు మాదిరా?"

"ఊ. చెరువు మాదిరే."

ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి. చెయ్యి దిండు కిందికి పోయింది. అక్కడ ఆ పుస్తకం లేదు, మదనపల్లెలోనే ఉండిపోయింది. వేళ్లు కాసేపు వెతికి ఆగిపోయాయి.

"పిల్లోళ్లుండారా ఆడ?" అంది.

ఉమాపతి ఆమె తలమీది గుడ్డ సర్దాడు. చెయ్యి అక్కడే ఉంచాడు.

"ఒగడుండాడు," అన్నాడు.